పుంగనూరు పొట్టి ఆవుకు

పుంగనూరు తల్లీ, నీ ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 200 కిలోల లోపే. నిలబడితే తోక కుచ్చు నేలను రాస్తుంది. చూడవచ్చినవాళ్లు బొమ్మలా ఉందంటారు. నాకు మాత్రం నీ ఒంట్లో మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మెట్టపొలాలన్నీ కనిపిస్తాయి. వానను నమ్ముకున్న ఎర్రనేల, రాళ్ల గుట్టలు, చెనిక్కాయ చేలు, మాఘానికే అడుగంటే చెరువులు. కరువు కొంత ఎంచింది, రైతు కొంత ఎంచాడు. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తరతరాలుగా తేల్చుకున్న ఒళ్లు నీది.

వేడి పుట్టేది ఒళ్లంతటా, బయటికి పోయేది చర్మం మీదుగా. పొడవూ వెడల్పూ ఎత్తూ రెట్టింపైతే చర్మం నాలుగింతలే అవుతుంది, ఒళ్లు ఎనిమిదింతలవుతుంది. అందుకే పెద్ద ఒంటికి ఎండ బరువు. నీవు చిన్నగా ఉండి వైశాఖాన్ని గెలిచావు. ఊరికే గెలవలేదు. కిలో బరువు లెక్కన చూస్తే చిన్న ప్రాణికే ఎక్కువ మేత కావాలి. మొత్తం మీద మాత్రం నీ ఆకలి చిన్నది. కరువేట గడ్డివాము కరిగిపోతుంటే రైతు చూసేది ఆ మొత్తాన్నే. ఒంగోలు గిత్తలా నల్లరేగడిని చీల్చే బలం నీ కోడెలకు లేదు. తేలిక నేలలో తేలిక మడక లాగాయి, అంతే.

పాలూ అంతే, రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లు. వెన్న మాత్రం 8 శాతం దాకా. తోడుపెట్టిన కుండలో మీగడ మీద వేలు ఆనిస్తే ముద్ర అలాగే నిలిచిపోతుంది.

జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాయి, కడవలు నింపాయి. వాటిని తప్పుపట్టను. పాల బిల్లుతో ఎన్ని ఇళ్ల పిల్లలు చదువుకున్నారో! కానీ పాలు చేయడమంటేనే ఒంట్లో పొయ్యి రాజేయడం. ఎక్కువ పాలిచ్చే ఆవు మే నెల మధ్యాహ్నం రొప్పుతుంది, పాలు తగ్గుతాయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. పొదుగులోకి పోయిన సత్తువ ఇంకెక్కడో కొరత పడుతుంది.

కొట్టాల్లో నీవు అరుదైపోతే పలమనేరు పశు పరిశోధనా కేంద్రం నీ మందను కాపాడుకుంది. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని చేతి మేత తింటూ కనబడ్డావు. దేశమంతా ముద్దు చేసింది. నాకు సంతోషమే, కానీ భయం కూడా. ఇంట్లో ఫ్యాను కింద పెంచుకోవడానికి ఇంకా పొట్టిది కావాలంటున్నారు. అక్కడ ఎండ నిన్ను పరీక్షించదు, మేత కొరతా పరీక్షించదు. కొద్దిపాటి కోడెల నుంచే సంతతి పెంచితే దగ్గరి రక్తం కలిసి లోపాలు బయటపడతాయి. పొట్టితనం మిగిలి, దాన్ని కన్న ఓర్పు జారిపోతుందేమో.

లక్షల ధర పలికే దూడగా కాదమ్మా, పుంగనూరు పల్లెల్లో మేతకు పోయి వచ్చే మందగా నిన్ను చూడాలి. ఊరూరా వేరువేరు కోడెలుండాలి. నీ కూతుళ్లు ఎండలో గుట్టలెక్కి మేయాలి, ఈనాలి. వాటిలో ఏది నిలబడిందో చూసి, దాని దూడనే రైతు తన కొట్టంలో ఉంచుకోవాలి.