గోడమీది బొమ్మ, బల్లమీది పని

మామిడి కోతల కాలమున నూజివీడు చుట్టుపట్ల తోటలలో తిరిగినవారికి దోటి పట్టిన కోతగాడు కొత్త కాదు. పొడవైన వెదురుగడ చివర కట్టిన చిక్కములోనికి కాయను తొడిమతో దింపుటకై అతడు తల వెనుకకు వంచి, చేతులు పైకెత్తి చాలసేపు నిలువవలెను. సాయంకాలమునకు మెడయు భుజములును పట్టివేయును. అదే ఊరిలో, అదే వేళ, ఇంకొక యువకుడు నీడపట్టున కూర్చుండి వ్రేళ్ళు మాత్రమే కదల్చుచుండును. అతనికిని మెడయు భుజములును పట్టివేయుచున్నవి. మొదటిదానిని మనము కష్టమందుము, రెండవదానిని సుకుమారమందుము. శాస్త్రము ఈ భేదమును అంగీకరింపదు.

కంప్యూటరుపై పనిచేయువారికి కలుగు ఇట్టి నొప్పులను నివారించుటకై చాల కళాశాలలలో ఒక బొమ్మను గోడకు అంటించి యుంచుదురు. అందులోని మనిషి నడుము నిటారుగా నుండును. మోచేతులు, మోకాళ్ళు లంబకోణములో నుండును. తెర పైఅంచు కంటి ఎత్తున, పాదములు నేలపైన నుండును. ఒక గ్రంథమును పరిశీలించునట్లు ఈ బొమ్మను పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. అనేక గ్రంథములకంటె దీనిని చూచువారే ఎక్కువ గదా!

ఈ వ్యాధి కంప్యూటరుతో పుట్టినది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి 1700లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. 1713లో వెలువడిన రెండవ కూర్పులో వ్రాయసగాండ్రను గూర్చి ఒక ప్రకరణమును చేర్చెను. వారి బాధకు ఆయన చెప్పిన కారణములు మూడు: ఎడతెగక కూర్చుండుట, చేతిని ఎల్లప్పుడు ఒకే విధముగా కదల్చుట, తప్పు దొర్లకుండవలెనను మనస్సు ఒత్తిడి. ఆయన ఎరిగిన ఒక లేఖకునకు కుడిచేయి పడిపోగా అతడు ఎడమచేత వ్రాయుట నేర్చుకొనెను. కొంతకాలమునకు ఆ చేతికిని అదే గతి పట్టినది! బాధకు కారణము చేతిలో లేదు, పనిలో ఉన్నదని ఇంతకంటె తేటగా ఎవరు చెప్పగలరు?

దేహములో జరుగు సంగతిని కొంచెము చూతము. వ్రేళ్ళను నడిపించు పెద్ద కండరములు ముంజేతిలో నున్నవి. అచ్చటినుండి స్నాయువులను త్రాళ్ళు వ్రేళ్ళవరకు పోవును. మణికట్టు వద్ద ఒక ఇరుకైన సొరంగము కలదు. వ్రేళ్ళను ముడుచు 9 స్నాయువులును, వాటితోపాటు ఒక నాడియు అందులోనుండియే పోవలెను. అచ్చట వాపు కలిగి నాడి నొక్కుకొనిన, బొటనవ్రేలు మొదలు ఉంగరపు వ్రేలి సగమువరకు తిమ్మిరి ఎక్కును. అయితే కంప్యూటరు పనియే ఈ సొరంగపు వ్యాధికి మూలమని గట్టిగా తేలలేదు. మెడ, భుజము, ముంజేతుల నొప్పులతో ఆ పనికిగల సంబంధమే ఇంతకంటె స్పష్టము. ఏలయన, వ్రేళ్ళు కదలుచున్నంతసేపు భుజములును మెడయు కదలక, చేతులను తలను మోయుచునే యుండును. బిగిసియున్న కండరములో రక్తనాళములు నొక్కుకొని రక్తప్రసారము తగ్గును. బరువు స్వల్పమే, కాని దించుకొనుట లేదు.

ఇక బొమ్మ విషయము. దానిలో మంచి లేదనలేము. వంగిన మణికట్టు, వ్రేలాడు పాదములు, మరీ దిగువనున్న తెర మేలు చేయవనుట నిజమే. కాని దానిలో మూడు లోపములు కలవు.

మొదటి లోపము: ఆ బొమ్మ తెర వేరుగా, మీటల పలక వేరుగా నున్న బల్ల కంప్యూటరుకు గీయబడినది. నేటి విద్యార్థి చేతిలో నున్నది లాప్‌టాపు. ఒకనాడు మా ప్రయోగశాలలో ఒక విద్యార్థిని బొటనవ్రేలి మొదట నొప్పిచేత బ్యూరెట్టు కుళాయిని త్రిప్పలేకపోయినది. రాత్రులు లాప్‌టాపుపై ప్రాజెక్టు పని చేయుచున్నదని విని, గోడమీది బొమ్మను చూపి మందలించితిని. ఆమె యిచ్చిన జవాబిది: "సార్, బొమ్మలో లాగా తెర ఎత్తి పెడితే చేతులు భుజాల దాకా లేపాలి. చేతులు దించితే మెడ వంచాలి. రెంట్లో ఏది చెయ్యమంటారు?" నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ యంత్రములో తెరయు మీటలును ఒకే మడతబందుకు కట్టుబడియున్నవి. ఒకదానిని సరిచేసిన రెండవది చెడును. ఆమె అలక్ష్యముచేత తప్పు చేయలేదు. బొమ్మను పాటించుట అసాధ్యమైనది.

రెండవ లోపము: బొమ్మలో గడియారము లేదు. సరిగా కూర్చున్నవాడు ఎంతసేపైన కూర్చుండవచ్చునను భ్రమను అది కలిగించును. నిజమునకు ఎంత చక్కని భంగిమయైనను కదలక నిలిచినచో కీడే. వెనుకటి టైపుమిషనుపై ప్రతి పంక్తి చివరను చేయి ఎత్తి బండిని వెనుకకు నెట్టవలెను. పుట ముగియగానే కాగితము మార్చవలెను. ఆ చిన్నచిన్న విరామములను యంత్రమే ఇచ్చుచుండెను. కంప్యూటరు వాటిని తొలగించినది గాని, వాటి బదులు మరేమియు ఇయ్యలేదు. 2000లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, పన్నుల శాఖలో అంకెలను కంప్యూటరులోనికి ఎక్కించువారికి మామూలుగా ఇచ్చు రెండు 15 నిమిషముల విరామములతోపాటు, విరామములేని ప్రతి గంటలోను 5 నిమిషముల విశ్రాంతి నిచ్చిరి. రోజుకు అధికముగా పోయినది 20 నిమిషములే. ఒంటినొప్పులును కంటి శ్రమయు తగ్గెను; పని మాత్రము తగ్గలేదు.

మూడవ లోపము: బొమ్మ దోషమంతయు కూర్చున్నవానిపై మోపుచున్నది. గడువును పెట్టినవారు, బల్లను కొనినవారు అందులో కనబడరు. రమజ్జినీ చెప్పిన మనస్సు ఒత్తిడికి అందులో చోటే లేదు. కార్యాలయములలో పనిచేయువారిని గూర్చిన పరిశోధనలను జల్లెడపట్టి 2018లో వెలువరించిన కాక్రేన్ సమీక్ష, కేవలము శిక్షణ యిచ్చినందున చేతుల, భుజముల నొప్పి తగ్గునని చెప్పుటకు ఆధారము కనుగొనలేదు. విరామముల విషయములో సైతము ఆధారము మిక్కిలి బలహీనమనెను. కావున విరామమే సర్వరోగ నివారిణి యని నేను చెప్పబోను. కాని ఖర్చులేని, హానిలేని ఉపాయమును బలమైన ఆధారము దొరకువరకు వాయిదా వేయనక్కరలేదు.

ఈ చర్చ నూజివీడునకు చాల దగ్గరిది. ట్రిపుల్ ఐటీ యని జనులు పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినప్పుడు దాని ప్రాంగణములలో ఒకటి ఇచ్చట వెలసెను. పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలు ఆరేండ్ల చదువునకై అందులో చేరుదురు. పదునైదు, పదునారేండ్ల వయస్సున, ఎదుగుచున్న దేహముతో, కంప్యూటరును పలకగా చేసికొనుచున్నారన్నమాట. ఇది గొప్ప అవకాశము. అందుచేతనే ఆ పలకను ఏ బల్లపై, ఎంతసేపు ఉంచవలెనను ప్రశ్న చిన్నది కాదు.

ఆ విశ్వవిద్యాలయమునకు కులపతిగా నుండిన రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించినవారు. మనిషి మాటను యంత్రముచేత గుర్తింపజేయు పరిశోధనలో అగ్రగణ్యులు. 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిరి. ఆ కృషి ఫలితముగా నేడు చేతికి బదులు నోటితో గూడ కంప్యూటరునకు పని చెప్పవచ్చును. ఇది చేతికి మంచి ఊరట. కాని దినమంతయు మాటలాడిన గొంతు అలయదా? ఎడమచేతికి మారిన లేఖకుని మరువరాదు. భారమును ఒక అవయవమునుండి మరియొకదానికి మార్చినంతమాత్రమున అది తగ్గినట్లు కాదు.

అయితే చేయవలసినదేమి? లాప్‌టాపుతో ఎక్కువసేపు పనిచేయువారికి వేరొక మీటల పలకయు మౌసును ఉండవలెను. అప్పుడు యంత్రమును రెండు లావుపాటి నిఘంటువులపై నెక్కించి తెరను కంటి ఎత్తునకు తేవచ్చును. మోచేతులు దేహము ప్రక్కనే నిలుచును. ముంజేతులను బల్లపై ఆనించుకొనవలెను. మంచముమీద బోర్లాపడుకొని టైపు చేయుట మానవలెను. గంటకొకసారి 5 నిమిషములు లేచి నడువవలెను. తిమ్మిరి రాత్రి నిద్రనుండి లేపినను, పట్టు తగ్గి వస్తువులు జారిపోవుచున్నను, తైలపు మర్దనలతో కాలము గడపక వైద్యుని చూడవలెను.

మిగిలినది విద్యాలయముల వంతు. వరుసగా రెండు గంటలు కంప్యూటరు ప్రయోగము పెట్టినప్పుడు నడుమ విరామమును పట్టికలోనే వ్రాయవలెను. లాప్‌టాపుతోపాటు మీటల పలకను గూడ పరికరముగానే లెక్కింపవలెను. తోటలో కోతగాడు మెడ పట్టినపుడు దోటిని ప్రక్కవానికిచ్చి, తాను కాసేపు కాయలను గంపకెత్తును. అతనిని "నిటారుగా నిలువుము" అని గద్దించు మేస్త్రీని నేను చూడలేదు. ఆపాటి ఇంగితము మన ప్రయోగశాలలకును రావలెను. అంతవరకు బొమ్మను తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కనే ఒక గడియారమును వ్రేలాడదీసిన చాలును.