బిల్ నవ్వు, గిల్‌ఫాయిల్ మొహం

మార్టిన్ స్టార్ అనే అమెరికన్ నటుడు పదిహేనేళ్ల తేడాతో రెండు పాత్రలు వేశాడు. 1999లో ఎన్‌బీసీలో వచ్చిన 'ఫ్రీక్స్ అండ్ గీక్స్'లో బిల్ హావర్‌చక్. 2014లో హెచ్‌బీఓలో మొదలైన 'సిలికాన్ వ్యాలీ'లో గిల్‌ఫాయిల్. ఇద్దరూ గీకులే. బిల్‌ను బడిలో ఆ మాటతోనే ఏడిపిస్తారు. గిల్‌ఫాయిల్‌కు ఆ మాట మీదే జీతం వస్తుంది, కంపెనీలో వాటా వస్తుంది, ఎదుటివాణ్ని చులకన చేసే ధీమా కూడా వస్తుంది. నటుడు అతనే, కళ్లద్దాలు అవే, మాట అదే. అర్థం మాత్రం తలకిందులైంది. ఈ మధ్యలో ఏం వచ్చిందో, ఏం పోయిందో తేల్చుకోవాలంటే ఈ రెండు సిరీస్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పోయింది చిన్న వస్తువు కాదని నా నమ్మకం.

మాట పాత చరిత్ర క్లుప్తంగా. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అమెరికాలో ఊరూరా తిరిగే కార్నివాల్ డేరాల్లో గీక్ అంటే బతికున్న కోడి తల కొరికి జనానికి చూపించేవాడు. తాగుడుకు బానిసైనవాడే సీసా కోసం ఆ పనికి ఒప్పుకునేవాడు. విలియం లిండ్సే గ్రెషమ్ 1946లో అచ్చువేసిన 'నైట్‌మేర్ ఆలీ' నవల నిండా ఆ భయమే. అక్కణ్నుంచి మాట వింత పిల్లల్ని ఏడిపించే తిట్టుగా బడుల్లోకి వచ్చింది. 1994లో మినియాపొలిస్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఒక సంస్థ 'గీక్ స్క్వాడ్' అని పేరు పెట్టుకునే నాటికి తిట్టు కాస్తా దుకాణం బోర్డెక్కింది. ఇక మన ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ ఇంటర్వ్యూ ముందు 'గీక్స్ ఫర్ గీక్స్' అనే వెబ్‌సైట్ తిరగేసే పిల్లలకు ఈ మాటలో ఒకప్పుడు ఏడుపు ఉండేదని తెలిసే అవకాశమే లేదు.

అందుకే 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' చూడబోయే తెలుగు ప్రేక్షకుడికి ఒక సంగతి ముందే చెప్పాలి. అమెరికన్ హైస్కూల్లో అంతస్తును తేల్చేది మార్కులు కావు. ఫుట్‌బాల్ ఆడేవాడు, చీర్‌లీడర్ అయిన అమ్మాయి పైమెట్టు మీద ఉంటారు. ఫస్టు ర్యాంకు వచ్చినవాడికి అక్కడ దండలు వేయరు. పైగా ఈ కథలోని గీకులు ర్యాంకర్లు కూడా కారు. బిల్, శామ్, నీల్ చదువులో మామూలు పిల్లలు. వాళ్లను గీకుల్ని చేసింది వాళ్ల ఇష్టాలు. సైన్స్ ఫిక్షన్, స్టీవ్ మార్టిన్ హాస్యం, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. వాటి వల్ల పైసా రాదు, పరువు అసలే రాదు. కథాకాలం 1980–81, చోటు మిషిగన్. రచయిత పాల్ ఫీగ్ పెరిగింది ఆ రాష్ట్రంలోనే, రాసింది తన బడి రోజుల గురించే. ఆ విద్యా సంవత్సరం ముగిశాక, 1981 ఆగస్టులో, ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. రాబోయే డబ్బు వాసన కూడా తగలని చివరి ఏడాదిలో ఈ పిల్లల్ని నిలబెట్టడంలోనే రచయిత చూపంతా ఉంది. ఎందుకంటే సిరీస్ తీసిన 1999 డాట్‌కామ్ కంపెనీలు ఆకాశాన్నంటిన ఏడు. గీకులంతా రేపు కోటీశ్వరులవుతారన్న మాట మీద కథ నడిపి ఉంటే ప్రేక్షకుడు ఊరట పడేవాడు. కథను ఆయన అలా నడపలేదు.

ఛానెల్ పెద్దలు ఈ పిల్లలకు ఇంకాసిని గెలుపులు కావాలన్నారు. జవాబు 'ది డైరీ' అనే భాగంలో దొరుకుతుంది. ఆటల పీరియడులో జట్లు ఎంచుకునేటప్పుడు బిల్‌ను ఎప్పుడూ చివర్లోనే పిలుస్తారు. మైదానంలో బంతి రాని మూలకు తోస్తారు. కడుపు మండి డ్రిల్లు మాస్టారికి దొంగ ఫోన్లు చేసి తిడతాడు. దొరికిపోయాక ఆయన ఎదుటే తన బాధ చెప్పుకుంటాడు. ఆయన ఈసారి జట్టు ఎంచుకునే పని గీకులకు అప్పజెప్తాడు. గాల్లోకి లేచిన బంతి ఒకటి బిల్ చేతిలో పడుతుంది. పట్టేశాడు! జట్టంతా గంతులేస్తుంది. ఆట ఇంకా అయిపోలేదని, అవతలి జట్టు ఈలోపు పరుగులు తీసుకుంటోందని వాళ్లకు గుర్తే లేదు. లెక్క ప్రకారం అది గెలుపు కాదు. బిల్‌కు మాత్రం గెలుపే. టెలివిజన్‌లో గెలుపును ఇంత నిజాయితీగా కొలిచిన దృశ్యం నేను మరొకటి చూడలేదు.

ఇంకొక దృశ్యం ఉంది. బిల్ ఒంటరిగా ఇంటికి వస్తాడు. అమ్మ పనికి వెళ్లింది. రొట్టె, చీజ్ కలిపి కాల్చుకుంటాడు, కేకు ముక్క పెట్టుకుంటాడు, టీవీ ముందు కూర్చుంటాడు. గ్యారీ షాండ్లింగ్ జోకులు చెబుతుంటే నోటినిండా తిండితో పగలబడి నవ్వుతాడు. బిల్ నోట ఒక్క మాట ఉండదు. బడిలో అతనికి ఏం జరుగుతుందో అప్పటికే చూసేసిన మనకు ఆ నవ్వు గొంతుకు అడ్డం పడుతుంది. అయినా అతను జాలిపడవలసినవాడు కాదు. తనకు ఇష్టమైనది చూసుకుంటూ హాయిగా ఉన్నాడు. గీక్ అనే మాట వెనక అసలు మనిషి ఎవరో ఆ కాసేపట్లోనే తెలుస్తుంది. ప్రతిఫలం లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా ఒకదాన్ని ప్రేమించేవాడు. ఇలాంటి సిరీస్ రేటింగులు రాక ఒక్క సీజన్‌తో, 18 భాగాలతో ఆగిపోయింది.

'సిలికాన్ వ్యాలీ' ఆరు సీజన్లు, 53 భాగాలు నడిచింది. సృష్టికర్తల్లో ముఖ్యుడు మైక్ జడ్జ్ ఫిజిక్స్ చదివి, 1980లలో ఆ లోయలోనే ఒక చిన్న కంపెనీలో కొన్నాళ్లు ఇంజనీరుగా పనిచేసి వచ్చేసినవాడు. కాబట్టి ఇదీ లోపలి మనిషి చూపే. మొదటి దృశ్యంలోనే ఒక కంపెనీ అమ్ముడుపోయిన సందర్భంగా విందు, పేరున్న గాయకుడు కిడ్ రాక్ పాట. వినేవాడు లేడు. డబ్బొచ్చింది, దాన్ని అనుభవించడం మాత్రం రాలేదు. హూలీ అనే మహా కంపెనీ అధిపతి గావిన్ బెల్సన్ కిటికీలోంచి చూస్తూ ప్రోగ్రామర్లు ఎప్పుడూ అయిదుగురేసి నడుస్తారని లెక్క చెబుతాడు: పొడుగాటి బక్క తెల్లవాడు, పొట్టి ఆసియావాడు, పిలక కట్టిన లావుపాటివాడు, వింత గడ్డంవాడు, ఒక భారతీయుడు. ఎవరికీ చెందనివాడిని పిలిచే మాట ఇప్పుడు యూనిఫారం అయింది.

ఈ సిరీస్ సాంకేతిక శ్రద్ధను మెచ్చుకోకుండా ఉండలేను. కథానాయకుడు రిచర్డ్ రాసిన కంప్రెషన్ ప్రోగ్రాం ఎంత గొప్పదో కొలవడానికి ఒక కొలమానం కావలసి వస్తే, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు సాచీ వైస్‌మన్, ఆయన విద్యార్థి వినీత్ మిశ్రా నిజంగానే ఒకటి తయారుచేసి ఇచ్చారు. ఆ 'వైస్‌మన్ స్కోరు' కథలోకి అలా వచ్చింది. పనిని ప్రేమించేవాళ్లు పనిని ప్రేమించేవాళ్ల కోసం తీసిన సిరీస్ ఇది. ఆ మేరకు పాత గీకు ఇందులో బతికే ఉన్నాడు.

కానీ గిల్‌ఫాయిల్‌ను చూడండి. గరాజులో తన చేతులతో కట్టిన సర్వర్‌కు ఆంటన్ అని పేరు పెట్టుకుంటాడు. మనుషులకు ఇవ్వని మర్యాద దానికి ఇస్తాడు. మొహంలో కండరం కదలదు. మాట్లాడితే పక్కనున్న తోటి ప్రోగ్రామర్ దినేశ్‌ను గాయపరచడానికే. అతనికి తెలివి ఎక్కువ, కాబట్టి ఏమైనా అనొచ్చు. అప్పటి బిల్ నవ్వు గుర్తున్నవాళ్లకు ఈ కదలని మొహం ఒక ప్రశ్న అవుతుంది. అదే పిల్లవాడు పెరిగితే ఇలాగే అవుతాడా?

రెండింటిలోనూ ఒక్కొక్క ప్రేమ విఫలమవుతుంది. అక్కడ ఆగి పోల్చి చూడాలి. శామ్ తాను ఏడాదంతా ఆరాధించిన చీర్‌లీడర్ సిండీని చివరికి సంపాదిస్తాడు. ప్రాణంలా ఇష్టపడే 'ది జెర్క్' సినిమాకు తీసుకెళ్తాడు. ఆమెకు నవ్వు రాదు. కలిసి నవ్వలేని మనిషితో ఉండలేనని తెలుసుకుని, స్నేహితులు వద్దని మొత్తుకున్నా, తనే వదిలేస్తాడు. రిచర్డ్‌కు విన్నీ అనే ఇంజనీరు పరిచయమవుతుంది. ఆమె తెలివైనది, అతన్ని ఇష్టపడుతుంది. కోడ్ రాసేటప్పుడు అతను ట్యాబ్ కీ నొక్కుతాడు, ఆమె స్పేస్ కీ నొక్కుతుంది. ఆ శబ్దం భరించలేక గొడవపడి పోగొట్టుకుంటాడు. మొదటిదానిలో ఇష్టం శామ్‌కు తానెవరో చెప్పింది. రెండోదానిలో ఇష్టం ఎదుటి మనిషిని కొలిచే గజంబద్దయింది. ప్రేమించే వస్తువు మీద పట్టు దొరికాక, అదే పట్టు మనుషుల మీద కూడా ఉండాలనిపించడం గీకు బతుకులో వచ్చిన అసలు మార్పు అని నాకు అనిపిస్తుంది.

అలాగని మొదటి సిరీస్ గీకుల్ని నిర్దోషులుగా చూపించిందనుకుంటే పొరపాటు. బిల్‌కు వేరుశనగ పడదు. అలన్ అనే రౌడీ కుర్రాడు నమ్మక, బిల్ సాండ్‌విచ్‌లో వేరుశనగ పెడతాడు. బిల్ ఆసుపత్రి పాలవుతాడు. మంచం పక్కన ఒంటరిగా నిలబడి అలన్ తన గుట్టు చెప్పుకుంటాడు. తనకూ సైన్స్ ఫిక్షన్ ఇష్టమేనని, ఒకప్పుడు వీళ్లతో స్నేహం కోరుకున్నానని, రానివ్వలేదని. ఏడిపించబడేవాళ్లకు కూడా తలుపులు మూసే చెయ్యి ఉంటుందని ఆ సిరీస్ 2000లోనే చెప్పింది. ఇవాళ పెద్ద కంపెనీల అధిపతులు మేము చిన్నప్పుడు అవమానాలు పడ్డవాళ్లం అన్న కథను రక్షణగా వాడుకునేటప్పుడు ఈ దృశ్యం గుర్తు రావాలి. పడ్డ దెబ్బ నిజమే. అది వాళ్లు ఇప్పుడు కొట్టే దెబ్బకు సంజాయిషీ కాదు.

మన ఇళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 'సిలికాన్ వ్యాలీ' 2014 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకు రెండు నెలల ముందే హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. సన్నీవేల్‌లో, ఫ్రీమాంట్‌లో బతుకుతున్న తెలుగు కుటుంబాలకు గీక్ అంటే వీసా, ఇల్లు, గౌరవం. మనవాళ్లు ఆ మాట గెలిచాక అందుకున్నారు, దాని పాత గాయం అందుకోలేదు. మన దగ్గర బిల్‌కు సాటి రాగలిగేవాడు ఐఐటీ ర్యాంకరు కాదు. పురుగుల బొమ్మలు గీసుకుంటూనో, పాత సినిమా పాటల రికార్డులు పోగేసుకుంటూనో కూర్చునే పిల్లవాడు. వాణ్ని మనం గీక్ అనం. పనికిమాలిన పిచ్చి అంటాం. అమెరికా తన గీకును ఏడిపించి తర్వాత నెత్తికెక్కించుకుంది. మనం డబ్బు తెచ్చే గీకును మొదటినుంచీ నెత్తిన పెట్టుకుని, తేనివాణ్ని ఇప్పటికీ ఏడిపిస్తున్నాం.

'సిలికాన్ వ్యాలీ' ముగింపును నేను గౌరవిస్తాను. తాము కట్టిన వ్యవస్థ లోకంలోని తాళాలన్నీ తెరిచేయగలదని తెలిసి, రిచర్డ్ బృందం దాన్ని కావాలనే అందరి ముందూ విఫలం చేస్తుంది. ఎందుకలా చేశారో లోకానికి చెప్పరు. ఆరేళ్లలో వాళ్లు ప్రతిఫలం ఆశించకుండా చేసిన పెద్ద పని అదే. అయితే చివర్లో రిచర్డ్‌ను స్టాన్‌ఫర్డ్‌లో నీతి పాఠాలు చెప్పే ఆచార్యుణ్ని చేసి, కథ అతన్ని చవగ్గా వదిలేసింది.

రెండింటి మధ్య నన్ను ఎక్కువ బాధించే ఖాళీ మరొకటి. 'ఫ్రీక్స్ అండ్ గీక్స్'లో నిజంగా ఇంజనీరు కాగలిగిన బుర్ర శామ్ అక్క లిండ్సేది. లెక్కల పోటీ జట్టులో మేటి. చివరి భాగంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగే ప్రతిభావంతుల శిబిరానికి ఎంపికై కూడా, అక్కడికే వెళ్తున్నట్టు బస్సెక్కి, దారిలో దిగిపోయి స్నేహితురాలితో పాటల యాత్రకు వెళ్లిపోతుంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో 1984 ప్రాంతంలో దాదాపు 37 శాతం ఆడవాళ్లే. లిండ్సే వెనక్కి వచ్చి కాలేజీలో చేరి ఉంటే సరిగ్గా ఆ తరం మనిషి అయ్యేది. 'సిలికాన్ వ్యాలీ' మొదలైన నాటికి ఆ వంతు 18 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ సిరీస్‌లో కార్లా అనే ఇంజనీరు రెండో సీజన్‌లో చేరుతుంది, కొన్నాళ్లకే తప్పుకుంటుంది. మోనికా ఎక్కువ కాలం డబ్బు పెట్టేవాళ్ల పక్షాన ఉంటుంది. గీకు పైకెక్కిన మెట్ల మీద ఆడవాళ్లు ఎక్కడ ఆగిపోయారో ఆ సిరీస్ చూపిస్తుంది. ఎందుకు ఆగిపోయారన్నది 53 భాగాల్లో లోతుగా అడగలేదు.