కుమ్మరి సారె మీద మకరదేవత

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే 42వ నంబరు జాతీయ రహదారిలో, పలమనేరు పేరు చెబితే చాలామందికి టెర్రకోటే గుర్తొస్తుంది. చెరువు బంకమన్నుతో కడవలు, చట్లు చేసి బతికిన చేతులు స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చాక గుర్రాలు, ఏనుగులు, వినాయకులు, పూలకుండీల వైపు మళ్ళాయి. వంటింటి సరుకు ముందుగదిలోకి వచ్చింది. ఆ దారిలో ఇంకో అడుగు వేస్తే ఊహాలోకపు జీవాలే: రెక్కల గుర్రం, గండభేరుండం, యాళి.

వీటి కోసం డ్రాగన్లను అరువు తెచ్చుకోనక్కర్లేదు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'చందమామ'లో రాసిన 'మకరదేవత', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్ళు, వాటికి చిత్రా గీసిన బొమ్మలు రెండు మూడు తరాల పిల్లల్ని భయపెట్టి మురిపించాయి. వాటి నుంచి మట్టిబొమ్మల వరసలు పుట్టలేదేమని నాకు ఆశ్చర్యం.

రెక్కల గుర్రాన్ని ముద్ద పట్టుకుని మలుస్తారనుకుంటాం. కాదు. దాని పొట్ట సారె మీద లేచిన కుండే, అడ్డంగా పడుకోబెట్టింది. కాళ్ళు నాలుగు గొట్టాలు, మెడ ఇంకో గొట్టం. అన్నీ ఒకే పదునులో, ఒత్తితే సొట్టపడకుండా, గీరితే గీత పడేలా ఉన్నప్పుడు అతకాలి. అతికే చోట పుల్లతో గీతలు గీరి, పల్చటి మట్టి పూసి, అదిమి నునుపు చేస్తారు. ఒకటి తడిగా, ఒకటి పొడిగా ఉంటే ఆరేటప్పుడు అతుకు దగ్గర నెర్రె తీస్తుంది. మన్ను ఆరి కాలేసరికి ఇంచుమించు పదోవంతు కుదించుకుపోతుంది మరి. అందుకే లోపల ఇనుపతీగ పెడితే పని చెడుతుంది: మన్ను కుదించుకుంటుంది, తీగ కుదించుకోదు. మెడకు ఊతం కావాలంటే అదే మట్టి కడ్డీ పెట్టాలి.

అసలు చిక్కు రెక్కలది. అంచు పల్చన, మొదలు మందం. అంచు ముందే ఆరి వంకర తిరుగుతుంది. దాన్ని తడిగుడ్డతో కప్పి, మొదలు ఆరేదాకా నీడలో కాపాడాలి. పొట్ట కింద ఒక కన్నం వదలాలి. లోపలి గాలి, ఆవిరి బయటికి పోయే దారి అదే. ఆరాక జాజు పూసి, గులకరాయితో మెరుగు పెట్టి ఆవంలో పేరుస్తారు. మొదట్లో సన్నసెగ. తేమ మిగిలిన బొమ్మకు ఒక్కసారిగా మంట తగిలితే పగిలిపోతుంది, పక్కవాటినీ పాడుచేస్తుంది. గాలి బాగా ఆడితే ఎరుపు, మూసి పొగ పట్టిస్తే నలుపు. వేడిని నిప్పు రంగు చూసే పోల్చుకుంటారు. ఆ అంచనా తప్పితే పడ్డ శ్రమంతా పోయినట్టే. 'కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు' అన్న సామెత ఊరికే పుట్టలేదు.

అచ్చులో పోసిన ప్లాస్టిక్ బొమ్మలు వెయ్యి తీసినా వెయ్యీ ఒకటే. సారె మీద లేచిన రెండు గుర్రాలు ఒకటి కావు. సేకరించేవాళ్ళు డబ్బు పెట్టేది ఈ తేడాకే. బొమ్మల కొలువు పెట్టే మన ఇళ్ళలో ఈ సరదా ఎప్పట్నుంచో ఉంది. కాకపోతే మెట్ల మీద ఏటా అవే దేవుళ్ళు, అదే చెట్టియారు దంపతులు. ఒక మెట్టు యాళికీ మకరానికీ ఇస్తే తప్పేముంది? పుంగనూరు ఆవుకూ ఒక చోటు ఇవ్వండి. పెరిగిన ఆవు కూడా ఇంచుమించు మూడడుగులే ఉంటుంది, కల్పన కాకపోయినా కల్పనలా కనిపిస్తుంది.

కుమ్మరి బతుకు నిలవాలంటే ధర కుండ లెక్కన కాక పనిదినాల లెక్కన పడాలి. పగిలేవాటి నష్టమూ అందులో కలవాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరమూ ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి అప్పు దొరుకుతాయి. గిరాకీ మాత్రం మనమే ఇవ్వాలి. ఆ దారిన వెళ్ళినప్పుడు బొమ్మను తిరగేసి చూడండి. అడుగున చేసినవారి పేరు లేకపోతే, ఆర్డరిచ్చేటప్పుడే చెక్కమని అడగండి. బేరం మాత్రం ఆడకండి.