కృతిభర్త నుంచి ప్రకటనకర్త దాకా: రచన రాబడిపై ఒక పరిశీలన

బాసర క్షేత్రంలో జ్ఞానసరస్వతి సన్నిధిలోనే మహాలక్ష్మి కూడా కొలువై ఉంది. వసంతపంచమినాడు అక్షరాభ్యాసానికి పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులు ఇద్దరికీ మొక్కుతారు. లక్ష్మీసరస్వతులది అత్తాకోడళ్ల వైరమన్న మాట తెలుగునాట ఎంత ప్రచారంలో ఉన్నా, గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఆలయం దాన్ని సమర్థించదు.

తెలుగు సాహిత్యవిమర్శ మాత్రం ఆ వైరాన్నే నమ్ముకున్నట్లు కనిపిస్తుంది. ప్రాచీన కావ్యాల విషయంలో కృతిభర్త ఎవరు, కవికి ఏమి ఇచ్చాడు అని శ్రద్ధగా విచారించిన విమర్శకులు, ఆధునిక రచన దగ్గరికి వచ్చేసరికి ప్రకటనలున్న పుటను చూడనట్లే తిప్పేశారు. అంతర్జాలంలో సొంత పుట ఏర్పరచుకుని, రచన పక్కన ప్రకటనలుంచి రాబడి పొందే అవకాశం తెలుగు రచయితకు ఏర్పడిన ఈ దశలో ఆ ఉపేక్ష విమర్శకే నష్టం.

రచనకు లభించిన ప్రతిఫలాన్ని బహిరంగంగా చెప్పుకోవడం ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. వేములవాడ చాళుక్యప్రభువు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు క్రీ.శ. 10వ శతాబ్దిలో కన్నడంలో ‘విక్రమార్జునవిజయం’ రచించి, ధర్మపురం అగ్రహారం పొందాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల సమీపంలోని బొమ్మలగుట్టపై చెక్కించిన త్రిభాషాశాసనంలోని మూడు తెలుగు కందపద్యాలకు ఛందశ్చరిత్రలో ఉన్న స్థానం సుప్రసిద్ధం. ఆ రాయి ఒక కవికుటుంబపు ప్రతిష్ఠను చాటే రాయి కూడా అన్న సంగతిపై దృష్టి తక్కువగా పడింది. పంపభారతంలో పోషకుడు కావ్యానికి బయట లేడు. అర్జునునితో అభేదం పొంది ఏకంగా నాయకుడైనాడు. తెలుగు ప్రబంధాల్లో అవతారికకూ షష్ఠ్యంతాలకూ ఆశ్వాసాంత పద్యాలకూ పరిమితమైన కృతిభర్తతో పోలిస్తే ఇది ఎంతో గాఢమైన ప్రవేశం.

ఈ సంప్రదాయానికి ఎదురు నిలిచిన కవిగా పోతనను స్మరించడం పరిపాటి. రాజులకు కృతినిచ్చి సొమ్ము పుచ్చుకోవడాన్ని ఆయన భాగవతారంభంలోనే నిరసించాడు. కన్నీరు పెట్టుకున్న సరస్వతిని ఓదార్చినట్లు ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువు ఆ నిరసనకు లోకం కట్టిన రూపం. ఇక్కడ గమనించవలసింది త్యాగబుద్ధి ఒక్కటే కాదు. నిరాకరించడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, అతనికొక పేరు ఉంది. ఆ తిరస్కారానికి అర్థం వచ్చింది అందువల్లనే.

ముద్రణయుగంలో ఈ స్థితి మారింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించి, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా, 1914లో మద్రాసులో దినపత్రికగా, 1924లో ‘భారతి’ని నెలకొల్పారు. తలనొప్పి మందు సాహిత్యాన్ని పోషించిందన్న మాటను వేళాకోళంగా అనేవారున్నారు. అది వేళాకోళం కాదు, ఆర్థికచరిత్ర. ‘భారతి’లో శాసనపరిశోధన, భాషాచర్చ సాగడానికి ఆ వ్యాపారం ఇచ్చిన నిబ్బరం కారణాల్లో ఒకటి.

ఇంతకంటే విచిత్రమైనది ‘గృహలక్ష్మి’. స్త్రీల వ్యాధులకు లోధ్ర అనే మందు తయారుచేసిన కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి స్త్రీల కోసం ఈ మాసపత్రికను వెలువరించారు. ప్రకటనకర్త, ప్రచురణకర్త ఒక్కరే. అందులో స్త్రీ పాఠకురాలు, రచయిత్రి, కొనుగోలుదారు కూడా. కథలో మర్యాద పేరిట దాచవలసి వచ్చిన శరీరబాధకు మందు ప్రకటనలో నోరు దొరికింది. ఒకే సంచికలో ఒక పుట చెప్పలేనిదాన్ని మరో పుట చెప్పినప్పుడు, ఆ రెండింటినీ కలిపి చదవనిదే సంచికను చదివినట్లు కాదు. కేసరి స్వప్రయోజనం అందులో లేదనలేం. అయితే అది బాహాటం. పత్రిక ఎవరి సొమ్ముతో నడుస్తున్నదో చదివేవారికి తెలుసు.

సొంత పుట మీద ప్రకటన ఈ రెండు నమూనాలకూ చెందదు. గూగుల్ సంస్థ యాడ్‌సెన్స్ ఏర్పాటును 2003లో ప్రారంభించగా, తెలుగు పుటలకు అది 2018లో గానీ వర్తించలేదు. ఈ మధ్యకాలంలో తెలుగులో జరిగిన స్వీయప్రచురణ చాలావరకు ఆ రాబడి ఆశ లేకుండానే సాగింది. ఛందశ్చర్చలు, ఊరి జ్ఞాపకాలు, పుస్తకసమీక్షలు అందులో విరివిగా కనిపించడానికి ఈ ఆలస్యం కూడా దోహదం చేసి ఉండవచ్చు. ఇప్పుడు యంత్రం పుటలోని మాటలనూ పాఠకుని ఆసక్తులనూ గుర్తించి, ప్రకటనకర్తల మధ్య క్షణంలో వేలం నడిపి, గెలిచినవారి ప్రకటనను నిలుపుతుంది. కన్నీటి పద్యం పక్కన కంటిచుక్కల మందు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. రచయిత కొన్ని వర్గాల ప్రకటనలను వద్దనగలడు. కానీ మిగిలినవాటిలో తన పోషకుడెవరో ముందుగా ఎరుగడు. పోతనకు ఎదురుగా ఉన్న మనిషి ఇక్కడ లేడు. పైగా ఈ పోషకుడు స్తుతిని కోరడు, చూపును మాత్రమే కోరతాడు. అందువల్ల ఒత్తిడి పొగడ్త రూపంలో గాక వస్తువుల ఎంపికలో పనిచేస్తుంది. ఉద్యోగప్రకటనలు, వైద్యసలహాలు, సినిమా కబుర్లు తెచ్చినంత చూపును శాసనపాఠం తేలేదు. షష్ఠ్యంతాల్లో అతిశయోక్తిని పట్టుకోగలిగిన విమర్శకు, రాయకుండా వదిలేసిన వ్యాసాన్ని పట్టుకోవడం కష్టం.

పరిశోధకునికి ఇంకొక చిక్కుంది. పాత పత్రికల సంపుటాలను బైండు చేసేటప్పుడు ప్రకటనలున్న అట్టపుటలను తొలగించడం గ్రంథాలయాల్లో మామూలే. పునర్ముద్రణల్లో రచన ఒక్కటే మిగులుతుంది. అయినా వెతికితే ఎక్కడో ఒక విడి సంచికలో లోధ్ర ప్రకటన దొరుకుతుంది. అంతర్జాలపుటలో ఒకే వ్యాసం పక్కన ఒక్కొక్క పాఠకునికి ఒక్కొక్క ప్రకటన కనిపిస్తుంది, మరునాడు అదీ ఉండదు. పుటను యథాతథంగా భద్రపరచినా దొరికేది ఆ భద్రపరచినవారికి కనిపించిన ప్రకటనే.