రొట్టెయు నీరును నిద్రయు

ఇరువదియాఱేండ్లుగా రోగుల మణికట్టు పట్టి నాడి లెక్కించుట నా జీవనవృత్తి. తెలంగాణములోని ఒక మిషను ఆసుపత్రిలో, ముప్పది మంచముల వార్డునకు రాత్రివేళ నేనొక్కతెనే దిక్కుగా నైట్ డ్యూటీ చేయుచున్న దినములలో, ఒకనాటి తెల్లవారుజామున మూడు గంటలకు ఒక నాడి చూచి, అంకెను చార్టులో వ్రాసి, నాలుగడుగులు నడచిన పిదప, ఇప్పుడు పట్టుకొన్నది ఎవరి చేయియో నాకు జ్ఞాపకము రాకపోయెను. స్త్రీయో పురుషుడో, వృద్ధుడో బాలుడో కూడ తెలియలేదు. అంకె సరిగనే యున్నది. మనుష్యుడు నా దృష్టినుండి జారిపోయినాడు. మరణశయ్యల చెంత సైతము ఎఱుగని భయమును ఆ క్షణమున ఎఱిగితిని.

అంతకు కొన్ని మాసముల నుండియే నా ప్రార్థనలు ఎండిపోయి యుండెను. అది విశ్వాసలోపమని తలచి, ఉపవాసదినములు పెంచితిని. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఆదివారపు బడి పిల్లలకు పాఠము చెప్పబోతిని. క్వయర్‌లో పాడుట మానకపోతిని. ప్రార్థన చాలకనే ఈ నీరసమని సంఘములోని పెద్దలు హితవు చెప్పగా, ఆ మాటయు మోసితిని. చమురు తరిగిన దీపమునకు వత్తిని పైకెగద్రోయుటయే నేను చేయుచున్న చికిత్స.

ఆ తెల్లవారుజామున వరండాలోనికి వచ్చి గోడకు చేరగిలబడితిని. అక్కడ, కొడుకు జ్వరము తగ్గుటకై నాలుగు దినములుగా కాచుకొనియున్న ఒక ముదుసలి, నన్ను చూచి ఏమియు ప్రశ్నింపక, తన సద్దిమూట విప్పినది. "మొకమంత వాడిపోయింది గద బిడ్డా, ఎప్పుడు తిన్నవో ఏమో. గీ రొట్టె ముక్క తిను" అని సగము జొన్నరొట్టె నా చేతిలో పెట్టి, చెంబుతో నీళ్లిచ్చినది. రొట్టె అంచున నిప్పులకు మాడిన నల్లని చుక్కలు నేటికిని నా కన్నులలో నున్నవి. దానిని తిని, తెల్లవారగానే ఇంటికి పోయి, ప్రార్థన చేయకయే నిద్రపోతిని. సాయంకాలము మేల్కొని, రాజుల మొదటి గ్రంథము పందొమ్మిదవ అధ్యాయము తెఱచితిని.

కర్మెలు పర్వతముపై ఘనవిజయము సాధించిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపునకు ప్రాణభీతుడై పరుగెత్తి, తన దాసుని బేయేర్షెబాలో విడిచి, అరణ్యములో ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొన్న ఘట్టమును బాల్యము నుండియు ఎన్నిసార్లో వింటిని. కాని అచ్చట దేవదూత అతనిని గద్దింపలేదనియు, విశ్వాసమేమాయెనని అడుగలేదనియు, ప్రార్థింపుమని సైతము చెప్పలేదనియు ఆనాడే గ్రహించితిని. దూత చేసినది ఒక్కటే: తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు కూజాతో నీళ్లును చూపి తినుమనుట. తిని అతడు తిరిగి పండుకొనెను; దూత రెండవమాఱు వచ్చి తినిపించెను. దేవుని ప్రశ్న హోరేబులో, నలువది దినముల పిమ్మట వచ్చినది. గాలిలోను భూకంపములోను అగ్నిలోను గాక మెల్లని స్వరముగా వచ్చినది. ఆకలితోను నిద్రలేమితోను ఉన్నవానికి ఆ స్వరము వినబడునా?

ఈ స్థితికి నేటివారు బర్నౌట్ అందురు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు దీనినిగూర్చి వ్రాసెను. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని వ్యాధిగా గాక, చక్కదిద్దబడని ఎడతెగని పని ఒత్తిడివలన కలుగు వృత్తిసంబంధమైన స్థితిగా వర్ణించెను. శక్తి ఉడుగుట, పనియెడ మనసు దూరమగుట, చేతనైన దేమియు లేదను భావము: ఇవి మూడును దాని లక్షణములు. ఏలీయాకు చెట్టు క్రింది నిద్ర మొదటిది. దాసుని సైతము విడిచి ఏకాకియగుట రెండవది. తన పితరులకంటె తాను మేలు గాననుకొనుట మూడవది. దేవుడిచ్చిన మందు కూడ సమగ్రమైనది: అన్నము, విశ్రాంతి, నీవొంటరివి కావు, నమ్మకస్థులు ఏడువేల మంది యున్నారను సత్యము, ఆపై పని పంచుకొనుటకు ఎలీషా.

నేనును అట్లే వైద్యునికి చూపించుకొంటిని. రక్తహీనతకు మందు వాడితిని. నావలన కాదని మేట్రనుతో కన్నీళ్లతో చెప్పి, రెండవ నర్సును వేయించుకొంటిని. ఆసుపత్రి ఆదివారము మూతపడదు గనుక గురువారమును నా విశ్రాంతిదినముగా ఏర్పఱచుకొంటిని. దాసదాసీలకును, ఎద్దునకును గాడిదకును సైతము విశ్రాంతి నిమ్మని ఆజ్ఞాపించిన ధర్మశాస్త్రము నర్సును మఱచియుండదు. తుపానులో ఓడ ఊగుచుండగా తలగడపై నిద్రించిన ప్రభువును తలచుకొనినచో, నిద్ర కూడ విశ్వాసరూపమేయని తోచును. మఱియు ఒక అభ్యాసము పట్టుకొంటిని: నాడి చూచుటకు ముందు ఆ మనిషి ముఖము చూచి, పేరును మనసులో ఒక్కసారి దేవుని యెదుట పలుకుట. ఇంతకంటె పొడవైన ప్రార్థన ఆ మొదటి సంవత్సరమున నావలన కాలేదు, ఇదియే చాలినది.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును చూచినప్పుడెల్ల, ముందు అన్నము పెట్టవలెనను మాటే నాకు స్ఫురించును. మొదటి ప్రపంచయుద్ధకాలపు కరవులో అలమటించిన జనులకు పని కల్పించి తిండి పెట్టుచు రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ దానిని కట్టించెను. అంతటి మందిరము క్రింద ఆకలి తీర్చిన అన్నము పునాదియై యున్నది.

కావున సంఘపెద్దలకును, అలసినవారి ఇంటివారికిని నా విన్నపము. మీ నడుమ ఏ నర్సో, ఉపాధ్యాయుడో, పాస్టరో, రోగిని కాచుకొన్న ఏ తల్లియో మాటలుడిగి కూర్చున్నచో, వారి విశ్వాసమును తూచకుడు. ముందు అన్నము పెట్టుడు, వారి పనిలో ఒక రాత్రి మీరు మోయుడు, నిద్రపోనిండు. మెల్లని స్వరమును వారు తమంతట తామే విందురు.