ఫుజికో ఫుజియో: ‘రెండు కాని’ పేరు

జపాను దేశమున ‘మాంగా’ అనెడి చిత్రకథ బాలల వినోదమునకు మాత్రమే పరిమితము కాక, ఒక ప్రత్యేక సాహిత్యశాఖగా పెంపొందినది. ఆ శాఖలో ఫుజికో ఫుజియో అన్న పేరు ఒకరిది కాదు. హిరోషి ఫుజిమోటో (1933–1996), మోటో అబికో (1934–2022) అను ఇరువురు మిత్రుల ఉమ్మడి కలంపేరు. ‘ఫుజియో’ను వ్రాయు లిపిచిహ్నములలో మొదటి రెండింటికి ‘రెండు కానిది’ అని అర్థము. ఆ పేరు ఎంతవరకు సార్థకమైనదన్నదే ఇక్కడ విచార్యము.

తకఓకా పట్టణపు బడిలో కలిసిన ఈ బాలురు ఒసాము తెజుకా చిత్రకథలకు ముగ్ధులై ఆ మార్గము పట్టినారు. 1951లో వీరి తొలి ధారావాహిక ఒక బాలల దినపత్రికలో వెలువడినది. 1954లో టోక్యో చేరి, తొకివా-సో అను వసతిగృహమున తోటి యువచిత్రకారుల నడుమ నివసించిరి. 1964లో ఆరంభమైన ‘ఒబాకే నో క్యూతారో’ వీరి పొత్తుకు పరిపక్వఫలము. అందు భూతమును ఫుజిమోటో, మానవబాలుని అబికో చిత్రించినారు.

కాని ఉమ్మడి సంతకముతో వచ్చిన పెక్కు రచనలు నిజమునకు ఏకకర్తృకములే. ‘డోరేమాన్’ (1969) ఫుజిమోటోది. ‘నింజా హట్టోరి’ (1964) అబికోది. మొదటివారు నిత్యజీవితమున ఒక అద్భుతవస్తువును ప్రవేశపెట్టి, దానివలన కలుగు చిక్కులను వాత్సల్యముతో నవ్వించినారు. రెండవవారు క్రమముగా చీకటివైపు మొగ్గి, ‘నవ్వే సేల్స్‌మన్’ కథలలో మనుష్యుల బలహీనతను కఠినముగా శిక్షించినారు. ఇన్ని భిన్న స్వభావములకు ఒకే పేరు చాలదు. కావున 1987లో వీరు విడిపోవుట మైత్రీభంగము కాదు. ఏనాడో జరిగిన విభజనను అంగీకరించుట.

మన తిరుపతి వేంకటకవులలో ఒకరు గతించిన పిదప కూడ రెండవవారు ఉభయుల పేరనే కృతులను ప్రకటించినారు. ఇక్కడ ఇరువురు జీవించియుండగనే పేరు చీలినది. నష్టపోయినది మాత్రము నిజముగా ఇద్దరిదైన కృతి. ‘క్యూతారో’ చాలకాలము పునర్ముద్రణకు నోచుకొనక, 2009లో ఫుజిమోటో సమగ్ర రచనలలో మరల వెలుగు చూచినది. పొత్తులో ఆస్తిని పంచుకొనవచ్చును. కలిసి గీసిన గీతను పంచుకొనుట ఎట్లు?

అయినను అబికో తమ స్నేహగాథనే చిత్రకథగా 2013 వరకు కొనసాగించినారు. కొత్త పేర్లలో ఒకరు ‘ఎఫ్’ను, వేరొకరు ‘ఏ’ను చేర్చుకొన్నారు, ‘రెండు కానిది’ అన్న చిహ్నములను మాత్రము ఇద్దరును విడువలేదు.