వెబ్ పుటలో వీడియో: గుణదోషములు

ఇంటర్నెట్టులోని పుటలను రచించు భాష హెచ్.టి.ఎం.ఎల్. దానికి మొదట అక్షరములు మాత్రమే తెలియును. 1993లో 'ఇమ్‌జి' ట్యాగు వచ్చి బొమ్మలు చేరినవి. కదలెడి బొమ్మ, వినవచ్చెడి ధ్వని మాత్రము చాల కాలము పరాయివిగనే ఉండెను. ఫ్లాష్ వంటి ప్లగిన్‌ను బయటినుండి తెచ్చి తగిలించుకొననిచో పుట నడుమ ఖాళీ గడియే మిగిలెడిది.

2007లో ఒపెరా సంస్థ 'వీడియో' ట్యాగును ప్రతిపాదించినది. 'ఆడియో' దానికి తోడయ్యెను. ఈ రెండింటితో కూడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 2014 అక్టోబరులో ప్రమాణముగా వెలువడినది. నిర్మాణము ప్రశంసనీయమే. ట్యాగు ఆరంభమునకు, ముగింపునకు నడుమ మనము వ్రాసిన వాక్యములు, ఆ ట్యాగు నెరుగని పాత బ్రౌజరులో కనిపించును. ఎరిగిన బ్రౌజరు వానిని దాచి వీడియోను ఆడించును. పాతవారిని వెలివేయక క్రొత్తను తెచ్చు ఈ ఉపాయము ఎంత ముచ్చటైనది!

అసలు లోపము వేరొక చోట నున్నది. వీడియోను కుదించి సంకేతములుగా మార్చు పద్ధతిని కోడెక్ అందురు. ఏ కోడెక్‌ను అన్ని బ్రౌజరులును తప్పక గ్రహింపవలెనో ప్రమాణము చెప్పదు. తొలి ముసాయిదా, రుసుము లేని ఆగ్ థియోరాను సూచించినది. ఆపిల్, నోకియా సంస్థలు అభ్యంతరము తెలుపగా 2007 డిసెంబరులో ఆ మాట తొలగిపోయెను. ఆపిల్ పేటెంట్లతో కూడిన హెచ్.264ను చేపట్టినది; తన బ్రౌజరును ఉచితముగా పంచు మొజిల్లా మొదట దానిని ఒప్పుకొనలేదు. ఫలితముగ ఒకే పాఠమును రెండు రూపములలో భద్రపరచి, రెండు 'సోర్స్' పంక్తులు వ్రాయవలసి వచ్చెను. తరువాత మొజిల్లాయు హెచ్.264ను ఆడించుట మొదలిడినందున తగవు సద్దుమణిగినది గాని, ప్రమాణములోని ఖాళీ నేటికిని పూడలేదు.

'ఇమ్‌జి' సైతము బొమ్మ రూపమును నిర్ణయింపలేదు గదా యని కొందరు సమర్థింతురు. నిజమే. కాని ఆ ఉదారతకు ఫలమేమి? 1994 చివర జిఫ్ బొమ్మలపై పేటెంటు తగవు లేచి, మరుసటి ఏడు పి.ఎన్.జి.ని క్రొత్తగా రూపొందింపవలసి వచ్చినది. ఆ అనుభవము కన్నుల ముందుండగనే అదే దారి త్రొక్కిరి.

ఉపాధ్యాయులు గమనింపదగినది మరొకటి గలదు: 'ట్రాక్' ట్యాగు. వీడియోలోని మాటలను దీనిచే అక్షరములుగా చూపవచ్చును. ఆ ఫైలు యు.టి.ఎఫ్-8లో నుండవలెనని నియమము. కావున తెలుగు లిపికి అడ్డు లేదు. చెవిటి విద్యార్థికి పాఠము అందు మార్గమిదే. అయినను ఇది ఐచ్ఛికమగుటచే పలువురు విడిచిపెట్టుచున్నారు. వ్రాయుట కష్టమా? ఏ సెకనున మాట మొదలై ఏ సెకనున ముగియునో ఒక పంక్తి. దాని క్రింద ఆ మాట.